ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్లు ఎందుకు పిల్లలు కావు?

మొదటిసారి నేను ఇంక్యుబేటర్‌లో, అంటే తల్లికోడి లేకుండా గుడ్లను పొదిగే కరెంటు డబ్బాలో, 24 కోడిగుడ్లు పెట్టాను. రాత్రి తొమ్మిదింటికి పెట్టి, పదింటికి చూస్తే డిస్‌ప్లే మీద వేడి 35.1 డిగ్రీలని ఉంది, కావలసిందేమో 37.5. కంగారుపడి సెట్టింగ్ కాస్త పెంచాను. పదకొండింటికి 35.8. ఇంకాస్త పెంచి పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే 40.2! ఆ విడతలో బతికి బయటికొచ్చినవి ఐదంటే ఐదు పిల్లలు. మిగతా 19 గుడ్లూ పారేస్తూ, "గుడ్లే మంచివి కావు" అని తేల్చేశాను.

పొరపాటు గుడ్లది కాదు, మెషీన్‌ది కూడా కాదు. చల్లటి గుడ్లు 24 ఒకేసారి లోపల పెడితే అవి వేడిని పీల్చుకుంటాయి. గుడ్డులో ఎక్కువ భాగం నీరే కాబట్టి వేడెక్కడానికి గంటలు పడుతుంది. అప్పటిదాకా లోపలి గాలి చల్లగానే కనబడుతుంది. సెట్టింగ్ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే కొన్ని గంటల్లో దానంతటదే దారికొచ్చేది. నేను పెంచిన వేడంతా, గుడ్లు వేడెక్కాక, వాటి నెత్తినే పడింది.

ఇంక్యుబేటర్ గురించి ఎవరిని అడిగినా నాలుగు అంకెలు చెబుతారు. 37.5 డిగ్రీలు, 50 శాతం తేమ, రోజుకి మూడుసార్లు తిప్పడం, 21 రోజులు. అన్నీ సరైన అంకెలే. వీటిని తు.చ. తప్పకుండా పాటించి కూడా సగం గుడ్లు పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది. ఎందుకంటే ఆ అంకెల్లో చాలావరకు డబ్బాలోని గాలికి సంబంధించినవి. పిల్ల పెరిగేది గాలిలో కాదు, పెంకు లోపల. ఆ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంట్లో ఉండే టార్చి, తూకం మెషీన్ చాలు. మనమేమో వాటిని పక్కనపెట్టి డిస్‌ప్లేని చూస్తూ కూర్చుంటాం.

పెట్టకముందే తేలిపోయే సంగతులు

గుడ్డు బయటికి వచ్చేసరికే పిండం పని మొదలై ఉంటుంది. పచ్చసొన విడుదలైన దగ్గర్నుంచి పెంకు గట్టిపడి గుడ్డు బయటపడేదాకా సుమారు ఒక రోజు పడుతుంది. పుంజు కలిసిన గుడ్డయితే ఆ రోజంతా కోడి ఒంటి వేడిలో కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. అంటే మనం చేతిలోకి తీసుకునే తాజా గుడ్డులో, పచ్చసొన మీది ఆ చిన్న తెల్లచుక్కలో, అప్పటికే వేలకొద్దీ కణాలు ఉంటాయి. బయటికొచ్చి చల్లబడగానే ఆ ఎదుగుదల ఆగి, పిండం నిద్రపోతుంది.

ఈ నిద్ర సుమారు 20, 21 డిగ్రీల దిగువనే నిలుస్తుంది. దానికి పైన, పొదిగే వేడికి కింద, అంటే 25, 30 డిగ్రీల దగ్గర గుడ్డు ఉంటే పిండం పూర్తిగా పడుకోదు, సరిగ్గా లేవదు. కుంటినడకన అడ్డదిడ్డంగా పెరిగి నీరసపడుతుంది. వేడిగా ఉండే వంటగది అరమీద పదిరోజులు పోగేసిన గుడ్లను పెడితే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఎక్కువగా చనిపోవడానికి ఒక కారణం ఇదే. అలాగని ఫ్రిజ్ కూడా సరైన చోటు కాదు. 4 డిగ్రీల చలి మరీ ఎక్కువ. 13 నుంచి 18 డిగ్రీల మధ్య, కాస్త తేమగా, చీకటిగా ఉండే చోటు మంచిది. సన్నటి కొన కిందికి, వెడల్పు వైపు పైకి ఉండాలి.

వారం లోపు గుడ్లయితే బెంగ లేదు. వారం దాటాక రోజురోజుకీ పిల్లలయ్యే అవకాశం తగ్గుతుంది, రెండు వారాలు దాటితే బాగా పడిపోతుంది. ఎక్కువ గుడ్లు పోగవ్వాలని ఆగి, పాతవీ కొత్తవీ కలిపి నలభై పెట్టడం కంటే, తాజావి పదిహేను పెట్టడం నయం. నా లెక్కలో అయితే ఇది ఖరీదైన మెషీన్ కొనడం కంటే ఎక్కువ ఫలితమిచ్చే పని.

గుడ్డును కడగకూడదు అని అందరూ అంటారు, ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. పెంకుకి కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. కోడి గుడ్డు పెట్టేటప్పుడు వాటిమీద ఒక పల్చటి పూత వేసి పంపుతుంది. కడిగితే ఆ పూత పోతుంది. పైగా చల్లటి నీళ్లు తగిలితే లోపలి పదార్థం కుంచించుకుని, పెంకు మీది మురికినీ సూక్ష్మజీవుల్నీ రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. కొద్దిగా మట్టి అంటిన గుడ్డును పొడిగా రుద్దితే చాలు. రెట్ట బాగా అంటిన గుడ్డును మాత్రం వదిలేయాలి. 38 డిగ్రీల వేడిలో అది మురిగి, లోపల గ్యాస్ పట్టి పగిలిందంటే ఇల్లంతా కంపు, పక్క గుడ్లన్నిటికీ అంటు. చల్లటి చోటునుంచి తెచ్చిన గుడ్డును తిన్నగా వేడి డబ్బాలో పెట్టినా ఇబ్బందే. పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడి మీదుగా క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. కొన్ని గంటలు గదిలో ఉంచి ఆ తర్వాత పెట్టాలి. దూరంనుంచి కుదుపుల్లో వచ్చిన గుడ్లకైతే ఒక రోజంతా కదపకుండా విశ్రాంతినివ్వాలి. గుడ్డు వెడల్పు వైపు లోపల ఉండే గాలి గది చెదిరి ఉంటే కుదురుకుంటుంది.

ఇక పుంజు సంగతి. ఎనిమిది, పది పెట్టలకి ఒక ఆరోగ్యమైన పుంజు ఉండాలి. ఒకసారి కలిస్తే ఆ వీర్యం పెట్ట లోపల రెండు వారాల దాకా నిల్వ ఉండి గుడ్లను ఫలదీకరిస్తూనే ఉంటుంది. కాబట్టి పుంజును మార్చిన మర్నాడే కొత్త పుంజు పిల్లలు కావాలని గుడ్లు ఏరితే లాభం లేదు, మూడు వారాలు ఆగాలి.

వేడి: మీ థర్మామీటర్ నిజం చెబుతోందా?

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీలు ఉండాలి, ఫారెన్‌హీట్‌లో 99.5. ఫ్యాన్ లేనిదైతే 38.3 నుంచి 38.9, అదీ గుడ్ల పైభాగం ఎత్తులో కొలవాలి. ఈ తేడా ఎందుకంటే వేడి గాలి పైకి పోతుంది. ఫ్యాన్ లేకపోతే డబ్బాలో మూత దగ్గర ఒక వేడి, అడుగున ఇంకో వేడి. గుడ్డు పైభాగం 38.6 దగ్గర ఉంటే నడిమధ్య 37.5 చుట్టుపక్కల ఉంటుందని అంచనా. ఫ్యాన్ లేని డబ్బాలో థర్మామీటర్‌ను అడుగున పడుకోబెట్టి 37.5 చూసుకుంటే పైన గుడ్లు ఉడుకుతున్నట్టే.

చౌక ఇంక్యుబేటర్లలో డిస్‌ప్లే అర డిగ్రీ, ఒక డిగ్రీ అటూఇటూ చూపించడం చాలా మామూలు. ఒక డిగ్రీ మనకి లెక్కలోది కాదు గానీ 21 రోజులపాటు నిలకడగా ఒక డిగ్రీ ఎక్కువైతే పిండానికి గండం. సరిచూసుకోవడం తేలిక. జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ సరిగ్గా మనకు కావలసిన 37, 38 డిగ్రీల దగ్గరే నమ్మకంగా పనిచేస్తుంది. ఒక గిన్నెలో 38 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లు పోసి, జ్వరం థర్మామీటర్‌నూ మీరు వాడబోయే థర్మామీటర్ మొననూ పక్కపక్కన ముంచి చూడండి. తేడా ఎంతుందో రాసి మూతకి అతికించండి. నా మెషీన్ మూత మీద ఇప్పటికీ "0.7 ఎక్కువ చూపిస్తుంది" అని ఒక కాగితం ఉంటుంది.

గుడ్లు పెట్టేముందు ఖాళీ మెషీన్‌ను కనీసం ఒక రోజు నడపాలి. ఎండ పడే చోట, కిటికీ పక్కన, తలుపు గాలి కొట్టే చోట పెట్టకూడదు. గది వేడి నిలకడగా లేకపోతే చిన్న డబ్బా దాని వెంటే పైకీ కిందికీ ఊగుతుంది. ఒకసారి సెట్ అయ్యాక ఇక చెయ్యి ఊరుకోవాలి. మూత తీసినప్పుడు డిస్‌ప్లే అంకె టక్కున పడిపోతుంది. అది గాలి చల్లబడటమే, గుడ్డు కాదు. ఒక నిమిషం మూత తెరిచినంత మాత్రాన గుడ్డు నడుమ వేడి పెద్దగా కదలదు. ఈ సంగతి కళ్లారా చూడాలంటే చిన్న జిప్ కవర్‌లో నీళ్లు నింపి, అందులో థర్మామీటర్ మొన ఉంచి గుడ్ల మధ్య పెట్టండి. పక్కనున్న డిస్‌ప్లే ఎంత గంతులేసినా ఈ నీళ్ల అంకె నిదానంగా ఉంటుంది. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

వేడి కొద్దిగా తగ్గితే పిండం నెమ్మదిస్తుంది. పిల్లలు 22, 23 రోజులకి వస్తాయి, కొన్ని నీరసంగా ఉంటాయి. వేడి కొద్దిగా ఎక్కువైతే 20వ రోజుకే తొందరపడి వస్తాయి, బొడ్డు సరిగా మూసుకోదు, కాళ్లు వంకర పోవచ్చు. మరీ ఎక్కువైతే, 40 దాటి గంటలపాటు ఉంటే, ఇక చెప్పేదేముంది, నా మొదటి విడతే. పిండం చలిని కొంత ఓర్చుకుంటుంది గానీ ఎక్కువ వేడిని ఓర్చుకోలేదు.

ఇంకో మెలిక ఉంది. మొదటి రోజుల్లో పిండం బయటి వేడి మీదే బతుకుతుంది. రెండో సగంలో తనే వేడి పుట్టిస్తుంది, చివరి రోజుల్లో ఆ వేడి చాలా ఎక్కువ. డబ్బా నిండా గుడ్లుంటే 16, 17వ రోజుకి సెట్టింగ్ ముట్టుకోకపోయినా వేడి పైకి పాకుతుంది. అప్పుడు మాత్రం గమనించి కాస్త తగ్గించుకోవాలి.

తేమ: అందరూ కొట్టుకునేది ఇక్కడే

ఒకరు 50 శాతం అంటారు, ఒకరు 40 చాలంటారు, ఇంకొకరు అసలు నీళ్లే పోయకుండా బ్రహ్మాండంగా పిల్లల్ని తీశామంటారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. చిక్కుముడి విప్పాలంటే తేమ ఎందుకు కావాలో ముందు చూడాలి.

గుడ్డు లోపలి నీరు పెంకు రంధ్రాల గుండా ఆవిరై పోతూ ఉంటుంది. ఇది నష్టం కాదు, అవసరం. పోయిన నీటి స్థానంలో వెడల్పు వైపు గాలి గది పెరుగుతుంది. 19, 20 రోజుల ప్రాంతంలో పిల్ల ముక్కుతో పొర చీల్చి మొదటి ఊపిరి తీసుకునేది ఆ గదిలోనే. గాలి గది చిన్నదైతే పిల్లకి తిరగడానికి చోటుండదు, ఊపిరికి గాలి చాలదు, పెంకు పగలగొట్టకముందే లోపలి తడిలో ఊపిరాడక చనిపోతుంది. గది మరీ పెద్దదైతే పిల్ల ఎండిపోయి చిన్నగా, బలహీనంగా తయారవుతుంది, పొర తోలులా బిగుసుకుంటుంది. సరైన లెక్క ఏమిటంటే, 18వ రోజుకి గుడ్డు మొదటి బరువులో 11 నుంచి 13 శాతం కోల్పోవాలి. తేమ శాతం అనేది ఈ గురి చేరడానికి దారి మాత్రమే. చాలామంది దారినే గురి అనుకుంటారు.

మొదటి 18 రోజులూ 45 నుంచి 55 శాతం తేమ అని చెప్పేది సగటు గుడ్డుకి ఆ దారి సరిపోతుంది కాబట్టి. కానీ మీ గుడ్ల పెంకు మందం వేరు, రంధ్రాల సంఖ్య వేరు. పైగా తేమ మీటర్లు థర్మామీటర్ల కంటే పెద్ద అబద్ధాలకోర్లు. పది శాతం తప్పు చూపించడం వాటికి లెక్కే కాదు. దాన్ని కూడా పరీక్షించవచ్చు. ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేలా కొద్దిగా నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరబడని కవర్‌లో ఎనిమిది గంటలు ఉంచితే అది 75 శాతం చూపించాలి. తడి ఉప్పు తన చుట్టూ ఉన్న గాలిని ఎప్పుడూ దాదాపు ఆ తేమ దగ్గరే నిలుపుతుంది.

నీళ్లు పోయకుండా పిల్లల్ని తీసినవాళ్ల రహస్యం ఇంకోచోట ఉంది. గాలి వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి పెరుగుతుంది, కాబట్టి అదే గాలి తేమ శాతం తగ్గుతుంది. గదిలో 25 డిగ్రీలు, 60 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి డబ్బాలోకి వెళ్లి 37.5కి వేడెక్కితే తేమ సుమారు 30 శాతానికి పడిపోతుంది. గదిలో 32 డిగ్రీల ఉక్కపోత, 80 శాతం తేమ ఉంటే అదే డబ్బాలో నీటిచుక్క లేకుండానే దాదాపు 59 శాతం ఉంటుంది. చలికాలం 15 డిగ్రీలు, 50 శాతం ఉన్న గదిలో అయితే 13 శాతమే. ఒకటే మెషీన్, ఒకటే గుడ్లు, కానీ ఒకరు నీళ్లు పోయాలి, ఇంకొకరు పోయకూడదు. వాళ్లు ఎదురుపడితే వాదన తెగేదెలా?

అందుకే తూకం. నా పద్ధతి ఇది. పది గుడ్లను ఒక ట్రేలో పెట్టి, ట్రే బరువు తీసేసి, వంటగది తూకం మెషీన్ మీద తూస్తాను. పది కలిపి 580 గ్రాములు వచ్చిందనుకుందాం. 12 శాతం అంటే 70 గ్రాములు 18 రోజుల్లో పోవాలి, రోజుకి నాలుగు గ్రాములకి కాస్త తక్కువ. ఆరో రోజుకి 23 గ్రాములు తగ్గి 557 చూపించాలి. 568 చూపించిందంటే 12 గ్రాములే పోయాయి, అంటే తేమ ఎక్కువైంది. నీళ్లు తీసేస్తాను, గాలి రంధ్రం ఇంకాస్త తెరుస్తాను. మిగిలిన 58 గ్రాములు 12 రోజుల్లో పోవాలి, రోజుకి ఐదుకి దగ్గర. 545 చూపిస్తే తేమ తక్కువ, నీళ్లు పెంచుతాను. పన్నెండో రోజు మళ్లీ తూస్తాను. తప్పు దిద్దుకోవడానికి అప్పటికి కూడా సమయం ఉంటుంది. ఒక్కో గుడ్డు బరువు పెంకు మీద పెన్సిల్‌తో రాసుకుంటే ఇంకా మంచిది గానీ, గ్రాముకి గ్రాము చూపించే తూకంతో ఒక్క గుడ్డు లెక్క కచ్చితంగా రాదు. పది కలిపితే ఆ తప్పు సర్దుకుంటుంది.

తేమ పెంచడానికి గిన్నెలో నీళ్లు లోతుగా పోస్తే ఉపయోగం లేదు. ఆవిరయ్యేది పైభాగం నుంచే. వెడల్పాటి పళ్లెం పెట్టండి, లేదా నీళ్లలో స్పాంజి ముక్క నిలబెట్టండి. గాలి రంధ్రాలు మూసి తేమ పెంచడం మాత్రం వద్దు. పెరిగే కొద్దీ పిండానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, చివరి వారంలో మరీను.

తిప్పడం

కోడి తన కింద గుడ్లను రోజులో ఎన్నోసార్లు ముక్కుతో దొర్లిస్తుంది. తిప్పకపోతే పిండం పైకి తేలి లోపలి పొరకి అతుక్కునే ప్రమాదం ఉంది. అంతకంటే తక్కువమంది చెప్పే కారణం ఇంకొకటి. పెంకు లోపలి గోడ అంతటా పరుచుకునే రక్తనాళాల పొర ద్వారానే పిండం ఊపిరి తీసుకుంటుంది. తిప్పితేనే ఆ పొర బాగా విస్తరిస్తుంది, తెల్లసొన సరిగా వినియోగమవుతుంది. మొదటి వారంలో తిప్పడం మానేసిన ఫలితం 20వ రోజున కనబడుతుంది, అప్పుడు ఏం చేసినా దిద్దుకోలేం.

చేత్తో తిప్పేవాళ్లు రోజుకి కనీసం మూడుసార్లు, వీలైతే ఐదుసార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే పొడవైన రాత్రి ప్రతిరోజూ ఒకే పక్క మీద గడవకూడదు. ఒక పక్క ఇంటూ గుర్తు, ఇంకో పక్క సున్నా పెన్సిల్‌తో గీసుకుంటే గందరగోళం ఉండదు. ఆటోమేటిక్ ట్రే అయితే 45 డిగ్రీలు అటూఇటూ వాలాలి. మోటారు పనిచేస్తోందో లేదో రోజుకోసారి చూడండి, శబ్దం వస్తోంది కదా అని నమ్మొద్దు.

టార్చి వెలుగులో

ఏడో రోజు చీకటి గదిలో గుడ్డు వెడల్పు వైపు టార్చి ఆనించి చూస్తే, ఎర్రటి సాలెగూడులా నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క కనబడాలి. ఆ చుక్క పిండం కన్ను. గుండె అయితే రెండో రోజునుంచే కొట్టుకుంటుంది. వరుసగా రోజుకో గుడ్డు పగలగొట్టి చూసిన అరిస్టాటిల్, మూడు రోజుల గుడ్డులో రక్తపు చుక్కలా గుండె ప్రాణమున్నట్టు కదలడం రెండు వేల ఏళ్లకు పైగా కిందటే రాసిపెట్టాడు. మనకి పగలగొట్టే అవసరం లేదు.

నరాలు లేకుండా లేత పసుపుగా మెరిస్తే పుంజు కలవని గుడ్డు అయి ఉంటుంది, లేదా మొదటి గంటల్లోనే పిండం పోయి ఉంటుంది. రక్తం ఒక ఉంగరంలా పెంకు లోపల గుండ్రంగా చేరితే మొదటి రోజుల్లో చనిపోయిందని అర్థం. ఈ రెండూ తీసేయాలి. అనుమానం ఉన్నదాన్ని గుర్తు పెట్టి పదో రోజు మళ్లీ చూడండి. ముదురు గోధుమ రంగు పెంకుల్లో తొందరపడితే మంచి గుడ్డే చెత్తబుట్టలో పడుతుంది. 14వ రోజుకి చాలావరకు నల్లబడి, లోపల కదలిక తెలుస్తుంది. 18వ రోజుకి గాలి గది తప్ప అంతా నలుపే. అప్పుడు గాలి గది గుడ్డులో దాదాపు మూడో వంతు ఉండి, దాని అంచు ఒక పక్కకి వాలి కనబడితే మన తూకం లెక్క సరిపోయినట్టే.

చివరి మూడు రోజులు

18వ రోజున తిప్పడం ఆపి, తేమను 65, 70 శాతానికి పెంచి, మూత వేసేయాలి. ఇంతవరకూ నీరు పోవాలని చూశాం, ఇప్పుడెందుకు పెంచడం? పిల్ల ముక్కుతో పెంకుకి చిల్లు పెట్టాక లోపలి పొర బయటి గాలికి తగులుతుంది. గాలి పొడిగా ఉంటే ఆ పొర ఎండి పిల్లకి చుట్టుకుపోతుంది, పిల్ల ఇక తిరగలేదు. ఈ మూడు రోజుల తేమ ఆ పొరకోసమే.

రోజుల లెక్కలో తప్పు పడకుండా ఒక గుర్తు. సోమవారం సాయంత్రం పెడితే మూడు వారాల తర్వాత సోమవారం సాయంత్రానికి పిల్లలు రావాలి. పెట్టిన రోజును ఒకటి అని లెక్కపెట్టేవాళ్లు ఒక రోజు ముందే కంగారుపడతారు.

మనిషి ఓర్పుకి అసలు పరీక్ష మొదటి చిల్లు పడ్డాకే. చిన్న నక్షత్రంలా పెంకు పగులుతుంది. లోపలినుంచి సన్నగా కిచకిచ. ఆ తర్వాత గంటలకొద్దీ ఏమీ జరగదు. పిల్ల చనిపోయిందేమో, సాయం చేద్దామా అనిపిస్తుంది. ఆ సమయంలో పిల్ల రెండు పనుల్లో ఉంటుంది. మిగిలిన పచ్చసొన సంచిని బొడ్డు గుండా కడుపులోకి లాక్కోవడం ఒకటి, పెంకు గోడమీది నరాల్లోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకుని పూర్తిగా ఊపిరితిత్తుల మీదికి మారడం ఇంకొకటి. ఇవి పూర్తి కాకముందే మనం పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది, బొడ్డు తెరుచుకునే ఉంటుంది. చిల్లు పడ్డాక 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. పని అయ్యాక పిల్ల లోపలే గుండ్రంగా తిరుగుతూ పెంకును టోపీలా కోసి తోసేస్తుంది. ఈ ఆఖరి అంకం ఒక గంట కూడా పట్టకపోవచ్చు.

ముందొచ్చిన పిల్ల తడిగా, బక్కగా, దీనంగా కనబడుతుంది. తీయాలని చెయ్యి లాగుతుంది. మూత తీస్తే తేమ ఒక్కసారిగా బయటికి పోతుంది, అప్పుడే చిల్లు పెట్టిన మిగతా గుడ్ల పొర ఎండుతుంది. ఒక పిల్ల ముద్దు కోసం మూడింటిని పోగొట్టుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. కడుపులోకి లాక్కున్న పచ్చసొన పిల్లకి రెండు మూడు రోజుల ఆహారం, ఆకలికి చావదు. ఒళ్లు ఆరి బొచ్చు విచ్చుకునేదాకా లోపలే ఉండనివ్వాలి. నీళ్లు తగ్గితే రంధ్రం గుండా సన్నటి గొట్టంతో గోరువెచ్చటి నీళ్లు పోయవచ్చు.

మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలన్నది పిండం వయసును బట్టి ఉంటుంది. మొదటి రెండు వారాల్లో అయితే డబ్బాకి దుప్పటి కప్పి, మూత తీయకుండా ఆగడమే పని. కొన్ని గంటల చలికి ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతాయి, అంతే. చివరి వారంలో దుప్పటి కప్పినా గాలి రంధ్రాలు మూసుకోకూడదు, ఫ్యాన్ ఆగిన డబ్బాలో ఆ వయసు పిండాలకి చలి కంటే ముందు గాలి చాలదు. కరెంటు రాగానే అన్నీ పోయాయని పారేయకండి, రెండు మూడు రోజులాగి టార్చి వేసి చూడండి.

విచ్చని గుడ్డును తెరిచి చూస్తే

23 రోజులు దాటాక మిగిలిన గుడ్లను చాలామంది మూటకట్టి పారేస్తారు. నేనూ మొదట అదే చేశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, ఒక్కొక్కటే పగలగొట్టి చూస్తే వచ్చేసారి ఏం మార్చాలో అక్కడే దొరుకుతుంది.

ఎక్కువ గుడ్లు పుంజు కలవనివైతే ఇంక్యుబేటర్‌ను తిట్టి లాభం లేదు. పిండం మొదటి నాలుగు రోజుల్లోపే ఆగితే నిల్వ, ప్రయాణపు కుదుపు, మొదటి రోజుల వేడి చూసుకోవాలి. మామూలుగా చావులు మొదట్లో కొన్ని, చివర్లో కొన్ని ఉంటాయి, నడిమి వారంలో తక్కువ. ఆ నడిమి వారంలోనే ఎక్కువ పోతే తల్లికోళ్ల మేతలో విటమిన్ల కొరత, ముఖ్యంగా బి2 కొరత ఉందేమో అనుమానించాలి. మేతలో ధాన్యం తప్ప ఇంకేమీ లేని చోట ఇది కనబడుతుంది.

పూర్తిగా ఎదిగి, పెంకు పగలగొట్టకుండానే పోయిన పిల్ల చుట్టూ నీరు కారుతూ ఉంటే, గాలి గది చిన్నగా ఉంటే, 18 రోజులూ తేమ ఎక్కువైందన్నమాట. చిల్లు పెట్టి, ఎండిన పొర బొచ్చుకి అంటుకుని పోతే చివరి మూడు రోజుల్లో తేమ చాలలేదు, లేదా మూత తీశారు. తల సన్నటి కొన వైపు ఉంటే అది గుడ్డును తలకిందులుగా పెట్టిన ఫలితం కావచ్చు. నా మొదటి విడత 19 గుడ్లు తెరిచి ఉంటే బహుశా చాలావాటిలో ఒకే రకం రక్తపు ఉంగరం కనబడేది. తెరవలేదు కాబట్టి రెండో విడతలో కూడా రాత్రి పదింటికి సెట్టింగ్ మీద చెయ్యి వేశాను.

ఎన్ని ఏ రకంగా పోయాయో పుస్తకంలో రాసుకున్నాక, సబ్బుతో చేతులు బాగా కడుక్కోండి. పిల్లల బొచ్చులోనూ మురిగిన గుడ్లలోనూ సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. డబ్బాలో అడుగున చేరిన ఆ పసుపు బొచ్చు ఫ్యాన్ రెక్కల్లో, తేమ సెన్సార్ మీద కూడా పేరుకుంటుంది. వైర్లకి తడి తగలకుండా ట్రేలు, నీళ్ల పళ్లెం వేడి సబ్బు నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మూత తెరిచి ఉంచండి. తర్వాతి విడత పెట్టేముందు థర్మామీటర్‌ను గిన్నెలో నీళ్లతో మళ్లీ ఒకసారి సరిచూడండి. నాది ఈమధ్య 0.7 నుంచి 0.9కి పోయింది, మూత మీది కాగితం మార్చాను.